నీలం పట్టాలు, ఆకుపచ్చ చుక్క

ఉదయం తొమ్మిదిన్నరకు గోపన్‌పల్లిలో ఆటో ఎక్కాం, నేనూ మా అప్పడాల సంఘం పెద్ద యాదమ్మా. సంఘంలో పదహారు మంది ఆడవాళ్లు. వాళ్ల దరఖాస్తులు నింపే ఉద్యోగం, జీతం లేకుండా, నాది. చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్ల దుమ్ము మిద్దె మీద ఆరేసిన అప్పడాల మీద ఎంత పడుతోందంటే, ఒక్కో అప్పడంలో రెండు పడగ్గదుల ఫ్లాటు కట్టుకోవచ్చు. దుకాణాలవాళ్లు సరుకు వెనక్కి పంపుతున్నారు. మూతలున్న సోలార్ డ్రయ్యర్ వస్తేనే సంఘం నిలుస్తుంది.

ఇలాంటి పనులకు డబ్బిచ్చే దాతల్ని చూపించే ఆన్‌లైన్ పటం ఒకటుంది. మన ఊరి మీద నొక్కితే ఆకుపచ్చ చుక్క రావాలి, అప్పుడే దరఖాస్తు తెరుచుకుంటుంది. మాకు బూడిదరంగు చుక్క వచ్చింది. దాని కింద, 'ఇక్కడ పదహారు సోలార్ పలకలున్నాయి. సాయం అక్కర్లేదు' అని రాసి ఉంది. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. మెయిల్ పెడితే ధన్యవాదాలన్నారు. గడువు ఆ సాయంత్రం ఐదుకి! అందుకే హైటెక్ సిటీలోని వాళ్ల ఆఫీసు మీదికి ఈ దండయాత్ర.

లింగంపల్లిలో పది దాటాక లోకల్ రైలు. టిక్కెట్ ఐదు రూపాయలు. ఆ రద్దీలో నా పక్కటెముకలు ఎవరివో తెలుసుకోవడానికి హఫీజ్‌పేట దాకా పట్టింది. టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒకావిడ యాదమ్మను పలకరించింది.

"ఏడికి పోతున్నవక్కా?"

"మా మిద్దె మీద లేని సోలారు పీకియ్యనీకి."

"లేంది ఎట్ల పీకుతరు?"

"గదే అడగనీకి పోతున్న."

హైటెక్ సిటీ స్టేషన్ నుంచి మళ్లీ ఆటో. లోకమంతా పటంలో పెట్టినవాళ్ల ఆఫీసు మాత్రం ఏ పటంలోనూ దొరకలేదు. ఒకే అద్దాల మేడ చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేశాం. మూడు గేట్లలో మూడు ఫొటోలు తీశారు. నా పెళ్లిలో కూడా అన్ని తీయలేదు. పన్నెండింటికి పద్నాలుగో అంతస్తు చేరితే, రెండున్నర దాకా కూర్చోబెట్టారు. తెచ్చుకున్న జొన్నరొట్టెలు మెట్ల మీద తిన్నాం. వెళ్లదలచినవారు నీళ్ల సీసా, ఓపికా నిండుగా పట్టుకెళ్లండి. అక్కడ రెండూ దొరకవు.

చివరికి మేనేజరు గారు ఉపగ్రహం తీసిన బొమ్మ చూపించారు. మా మిద్దె మీద వరసగా పదహారు నీలం చతురస్రాలు. యాదమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"అవి ప్లాస్టిక్ పట్టాలు సారూ! మనిషికొకటి పరిచి అప్పడాలు ఆరేస్తం." సంచిలోంచి ఒక అప్పడం తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "ఇగో, మీ సోలార్ పలక. దీనికి వైరు తగిలిచ్చి మీ ఏసీ నడిపియ్యి జర!"

"నాకర్థమైందండి. కానీ సిస్టమ్ ఒప్పుకోవాలి కదండి. ఖాళీ మిద్దె ఫొటో ఈ రోజుది పంపండి."

"ఇవాళ అప్పడాలు ఆరేసినం. గంట దూరం లేదు మా ఊరు, వచ్చి సూడరాదు?"

"వెళ్లి చూసే పద్ధతి మాకు లేదండి."

నా రక్తం అక్కడి కాఫీ మెషీన్ కన్నా గట్టిగా బుసకొట్టింది. ఆకాశంలోంచి చూడగలరు, ఆటో ఎక్కి రాలేరు! తడి ఆరని అప్పడాలను పట్టాలతో చుడితే ముద్దలైపోతాయి. యాదమ్మ గోడ గడియారం వైపు చూసింది. మూడు దాటింది. తోడికోడలికి ఫోన్ చేసింది.

"పోశవ్వా, పట్టాలన్నీ చుట్టుండ్రి. ఆరలేదని నాకూ ఎరుకనే. చుట్టుండ్రి."

పదహారు మంది తెల్లవారుజాము నుంచి వత్తిన పని అలా చుట్టుకుపోయింది. మూడూ నలభైకి బోసి మిద్దె ఫొటో వచ్చింది. చుక్క ఆకుపచ్చబడింది. నాలుగున్నరకు దరఖాస్తు పెట్టాం. మేనేజరు గారు కంగ్రాచ్యులేషన్స్ అండి అన్నారు.

తిరుగు రైల్లో యాదమ్మ ఫోన్లో ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది. ఎండలో కష్టపడతామని నమ్మించడానికి, ఆ కష్టాన్నే ఎండకు కనపడకుండా చుట్టేయాల్సొచ్చింది. ఈ యాత్రలో నేను చూసిన వింత ఇదొక్కటే.

"అన్నా, రేపు మళ్ల ఆరేస్తే చుక్క పోతదా?"

"నీలం కనిపిస్తే పోతుందేమో," అన్నాను.

"అయితే ఎర్ర పట్టాలు కొంట," అంది.

"ఎర్రవి చూసి మిద్దెకు నిప్పంటుకుందనుకుని ఫైరింజన్ పంపుతారు యాదమ్మా!"

"పంపనీ అన్నా. గట్లనన్న ఒక్కడొచ్చి సూస్తడు."