పదహారో నంబరు సూది

మా ఆయన కుట్టు మిషన్లు బాగుచేస్తారు. ఎవరైనా మిషన్ తెస్తే ముందు విప్పరు. చెవి ఆనించి, చక్రం తిప్పి, "షటిల్ అరిగింది" అనేస్తారు. ఇన్నాళ్లూ మా ఇంటికి కూడు పెట్టింది ఆ చెవులే.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి పాటలు. ఖరీదైన స్పీకర్లు కొనాలని పెళ్లప్పటి నుంచీ కలవరిస్తున్నారు. ఎవరో పాతవి అమ్ముతున్నారని తెలియగానే పరుగెత్తారు. బేరం ఆడటానికి నన్నూ లాక్కెళ్లారు.

"రెండేళ్లవి, అంతే," అన్నాడు అమ్మేవాడు.

మా ఆయన వాటిని తిప్పి, వెనక స్క్రూలు చూశారు. తలల మీద ఒక్క గీత లేదు. ఆయన వృత్తిలో స్క్రూ అబద్ధమాడదు. గీత పడలేదంటే ఎవరూ విప్పలేదనే లెక్క. "కొత్తవేనే," అని నా చెవిలో ఊదారు. ముందున్న గుడ్డ తీసి చూడమన్నాను. చిరుగుతుందన్నాడు వాడు. పాట పెట్టి వినిపించమంటే కరెంటు లేదన్నాడు. ఈయన సరేనన్నారు. ఊళ్లో అందరి మాటా వింటారు, నా మాట తప్ప.

ఇంటికొచ్చి పాట పెట్టగానే ఆయన మొహం వాడిపోయింది. అందులో చిరుగంటలు మోగాలట, మోగడం లేదట.

"నీకు వినబడుతున్నాయా?"

"నాకన్నీ ఒకటే, నన్నడిగితే ఏం లాభం?"

"స్పీకర్లు బాగానే ఉన్నాయి. నా చెవులే పోయాయి," అన్నారు. వయసు మీరితే ముందు సన్నని శబ్దాలే పోతాయట.

మర్నాడు ఎవరో మిషన్ తెస్తే, తర్వాత చూస్తానని పంపేశారు. ఆ చెవులు లేకపోతే మా బతుకేం కాను? పైకి మాత్రం కసిరాను. భయమేస్తే నాకు వచ్చేది కోపమే.

ఏడుస్తూ కూర్చుంటే తేలేదేముంది? ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి ఉండగా, సూదుల డబ్బాలోంచి ఒకటి తీసి గచ్చు మీద వదిలాను.

ఆయన వెనక్కి తిరగనైనా లేదు. "పదహారో నంబరు సూది. తీసెయ్, కాల్లో దిగుతుంది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "చెవులు పోయిన మనిషి మాటలేనా ఇవి?"

అప్పుడు తిరిగి నన్ను చూశారు, సూదిని చూశారు. గబగబా స్క్రూడ్రైవరు తెచ్చి, గుడ్డ లాగేశారు. లోపలి కాగితపు కోను చుట్టూ ఉన్న స్పాంజి అంచు వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు రెండూ ఎప్పుడో కాలిపోయాయి.

"ఇరవై ఏళ్లకు తక్కువ ఉండవే ఇవి. స్క్రూలు మాత్రం కొత్తవి బిగించాడు, దొంగ వెధవ. నన్ను నిలువునా ముంచాడు," అంటూ ఆయన పెళ్లికొడుకులా నవ్వుతున్నారు. "ముసలివి అవే."

నిన్నటి నుంచీ దాచిపెట్టుకున్న తిట్లన్నీ మింగేసి, ఆయన పక్కన కూలబడ్డాను. ఒళ్లో రాలిన పొడి దులుపుకోకుండానే ఆయన ఫోను అందుకుని, పొద్దున వెనక్కి పంపిన మిషన్ తెచ్చెయ్యమన్నారు.