గంజి పెట్టిన ఆకులు

బడిలో చూపించాలని మనవరాలు అట్టమీద బుల్లి ఊరు కడుతోంది. చెట్ల కోసం పచ్చదారాలు గంజిలో ముంచింది. ఆ వాసనకు మా ఎమ్మిగనూరు ఇల్లు కళ్లముందుకొచ్చింది.

మగ్గం కింద రాలిన దారపు ముక్కలకు గంజి పెట్టి, అక్క నాకు వేలెడంత వేపచెట్టు చేసిచ్చింది. జబ్బుతో కర్నూలు ఆసుపత్రికి పోతూ నవ్వింది: "సెట్టు బద్రం పాపా! ఇది పెరిగేలోపల వచ్చేస్తా."

తొందరగా పెరగాలని రోజూ నీళ్లు పోశాను. గంజి కరిగి ఆకులన్నీ ముద్దయిపోయాయి. ఒకటే ఏడుపు.

చివరికి అక్కకు తోడు వెళ్లిన అమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. మర్నాడు చూస్తే ఆకులు మళ్లీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"అమ్మా, అక్క వచ్చినాదా? యాడుంది?" అంటూ ఇల్లంతా వెతికాను.

అమ్మ వేళ్లకు గంజి ఎండిపోయి ఉంది. అదెందుకో చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.