దువ్వార్‌లో వెలిగిన ఆయిల్ లైటు

1992 వేసవిలో నన్ను దమ్మామ్ నుంచి రియాద్‌లోని మా కంపెనీ వర్క్‌షాప్‌కి సర్వీస్ సూపర్‌వైజర్‌గా మార్చారు. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. కువైట్‌లో తగలబడ్డ చమురు బావుల మసిని ఎయిర్ ఫిల్టర్లలోంచి దులిపిన రోజులు అప్పుడప్పుడే వెనకబడుతున్నాయి. సర్వీస్ సూపర్‌వైజర్ ఫోర్‌మన్‌కి పైన, మేనేజర్‌కి కింద ఉంటాడు. బండి యజమాని చెప్పిన బాధ విని, దాన్ని మెకానిక్‌కి అర్థమయ్యే పనిగా మార్చి, చివర్లో తనే నడిపి చూసి సంతకం పెడతాడు. బండి బాగుపడితే పేరు మెకానిక్‌ది, పాడైతే సంతకం మనది.

నేను చేరిన కొన్నాళ్లకు ఫహద్ అనే కాలేజీ కుర్రాడు తన తండ్రి కారు తెచ్చాడు. ఎనిమిది సిలిండర్ల పెద్ద అమెరికన్ బండి. అక్కడ దువ్వార్ అంటే మన ఊళ్లలో సర్కిల్. దువ్వార్‌లో కాస్త వేగంగా తిరిగితే ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు మిణుక్కుమంటోందని ఫిర్యాదు. రోగంతో పాటు మందు కూడా తనే పట్టుకొచ్చాడు. సైనికుల వెంట వచ్చిన అమెరికన్ మోటారు పత్రికలు అప్పట్లో రియాద్ కుర్రాళ్ల మధ్య బాగా చేతులు మారేవి. అలాంటి పత్రికలో ఒక పేజీ నాకు చూపించి, ఇంజన్ కింద ఉండే ఆయిల్ ఛాంబర్‌లో రేసు కార్లకు పెట్టినట్టు అడ్డు రేకులు పెట్టించమన్నాడు.

ఆ రేకుల సంగతి కాస్త చెప్పాలి. ఇంజన్‌కి కావలసిన ఆయిలంతా ఛాంబర్‌లో ఉంటుంది. పంపు దాన్ని ఒక గొట్టంతో పీల్చి బేరింగులకు పంపుతుంది. బండి జోరుగా మలుపు తిరిగితే, పంక్తిలో వడ్డించేవాడు గబుక్కున తిరిగినప్పుడు బకెట్‌లో సాంబారు ఒక అంచుకి ఎగబాకినట్టు, ఆయిల్ ఒక పక్కకి పోతుంది. గొట్టం మూతికి గాలి తగులుతుంది, ప్రెషర్ పడిపోతుంది. అడ్డు రేకులు ఆయిల్‌ని గొట్టం చుట్టూ ఆపి ఉంచుతాయి. రేసు బండికి అవి ప్రాణాధారమని చదువుకున్నాను. పాలు, కూరగాయలు తెచ్చే ఇంటి బండికి వాటి అవసరం ఉంటుందా అన్నది మాత్రం నాకూ తెలియదు. నేల విడిచి సాము అనుకున్నాను కానీ, తేల్చి చూడాలన్న దురద పట్టుకుంది.

ప్రెషర్ ఫిర్యాదు వస్తే ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చాలన్నది మా వర్క్‌షాప్ నియమం. పాత ఆయిల్‌ని బండి కింది గుంటలో ఉండే డ్రమ్ములోకి వదిలేసి కొత్తది కొలత కడ్డీ మీది పై గీత దాకా పోశారు. లైటు వెలగడమో ఆరడమో తప్ప ఇంకేమీ చెప్పదు. అందుకని అసలైన ప్రెషర్ గేజిని సన్నటి గొట్టంతో ఇంజన్‌కి కలిపి, ముల్లు నా కళ్ల ముందుండేలా లోపల కట్టించాను. శుక్రవారం సెలవు. సనాయ్యాలో, అంటే వర్క్‌షాపులన్నీ ఉండే పారిశ్రామిక వాడలో, ఆ రోజు పిట్ట కూడా తిరగదు. ఖాళీ మైదానంలో టైర్లు కీచుమనేదాకా గుండ్రంగా తిప్పాను. ముల్లు కదల్లేదు. రేకులు అక్కర్లేదని బండి పంపించేశాను. ఫహద్ ముఖం ముడుచుకుని వెళ్లాడు.

కొన్ని వారాలకు బండి అదే రోగంతో మళ్లీ వచ్చింది. ఈసారి ఫహద్‌తో పాటు వాళ్ల నాన్న అబూ ఫహద్, హౌస్ డ్రైవర్ మస్తాన్ వలీ కూడా వచ్చారు. అబూ ఫహద్‌కి ఆరు వందల కిలోమీటర్ల పైన ఉన్న హాయిల్‌లో గోధుమ పొలాలున్నాయి. ఈ మధ్యలో రెండుసార్లు అంత దూరమూ వెళ్లొచ్చారట. నేను చెప్పలేదా అన్నట్టు నవ్వుతున్నాడు ఫహద్. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆయిల్ ముట్టుకోవద్దని మెకానిక్‌లకు చెప్పి, ఉన్నది ఉన్నట్టు మైదానానికి తీసుకెళ్లాను. ఎడమకి తిరిగినప్పుడల్లా ముల్లు కిందికి పడింది. మన దేశంలో సర్కిల్‌ని ఎడమ పక్క నుంచి వెళ్లి కుడికి తిరుగుతాం. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి కనుక దువ్వార్‌లో ఎప్పుడూ ఎడమకే తిరగాలి. ఆయిల్ ఎప్పుడూ కుడికే పరుగెత్తుతుంది. వెనక్కి తెచ్చి సమంగా ఉన్న నేల మీద నిలిపి, చల్లారాక ఆయిల్ కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్, తీశాను. ఆయిల్ కింది గీతకి కూడా అందలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. మొదటిసారి కూడా ఇదే జరిగి ఉంటుంది. అప్పుడు కొలవకుండా డ్రమ్ములో పారబోశాం కనుక ఎవరికీ తెలియలేదు.

రోజూ ఆయిల్ చూడటం మస్తాన్ పని. అబూ ఫహద్ అతని వైపు తిరిగి ఒక్కటే మాట అన్నాడు, "కద్దాబ్" అని. అబద్ధాలకోరు అని అర్థం. శనివారం ఆఫీసులు తెరవగానే పాస్‌పోర్టు ఇచ్చి ఎగ్జిట్ కొట్టిస్తానన్నాడు. ఎగ్జిట్ పడితే ఇక ఇంటికే. అక్కడ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెప్పిన మాటకి తిరుగులేదు.

మస్తాన్‌ది కడప జిల్లా. కువైట్‌లో డ్రైవర్‌గా ఉండగా సద్దాం సైన్యం వచ్చిపడితే, కట్టుబట్టలతో జోర్డాన్ మీదుగా ఇల్లు చేరినవాడు. ఊళ్లో తలెత్తుకోలేక మళ్లీ వీసా సంపాదించుకుని వచ్చాడు. రెండోసారి కూడా వట్టి చేతులతో దిగితే మనుషులు యుద్ధాన్ని తిట్టరు, తననే తిడతారని అతని భయం.

బండి మా దగ్గరే ఉంది. ఫహద్ పట్టు వదల్లేదు, నా దురదా తీరలేదు. రేకులు పెట్టే చూద్దామనుకున్నాం. ఛాంబర్ దింపి, ఉన్న ఆయిల్‌ని శుభ్రమైన డబ్బాలో పట్టి ఉంచాను. మా వెల్డర్ గంగారాం జగిత్యాల వాడు. నేను గీసిచ్చిన బొమ్మ ప్రకారం రేకులు కోసి అతుకుతూ, "ఆయిల్‌కు గూడ దొడ్డి కడుతున్నం సార్, బర్లకు కట్టినట్టు" అని నవ్వాడు. అదే ఆయిల్, అంతే పోసి మళ్లీ మైదానానికి వెళ్లాను. ముల్లు పడింది కానీ ఆలస్యంగా, కొంచెమే పడింది. మామూలు వేగంలో లైటు వెలగనే లేదు. అంటే పత్రిక అబద్ధం చెప్పలేదు. నాకు నిజంగా సంతోషమేసింది.

గురువారం సాయంత్రం మస్తాన్ బండి తీసుకెళ్లడానికి వచ్చి ఈ సంగతి విన్నాడు. నన్ను పక్కకి పిలిచాడు.

"సార్, తప్పు ఇంజన్‌లోనే ఉండింది, రేకులతో సరిపోయిందని ఒక్క మాట చెప్పండి సార్. మీరు చెప్తే నమ్ముతాడు. నా బతుకు నిలబడతాది."

చెప్తే అందరికీ బాగుండేది. ఫహద్ గెలుస్తాడు, వర్క్‌షాప్‌కి పని దొరుకుతుంది, మస్తాన్ నిలుస్తాడు. చెప్పేద్దామనే అనిపించింది కూడా. కానీ ఆ రేకుల వల్ల లైటు ఇంకా ఆలస్యంగా వెలుగుతుంది. ఆయిల్ తరుగుతూనే ఉంటుంది. ఏదో ఒక రోజు హాయిల్ రోడ్డు మీద, ఎడారి మధ్యలో, మంచి జోరు మీద ఇంజన్ బిగుసుకుపోయి పట్టేస్తుంది. అప్పుడు స్టీరింగ్ వెనక ఉండేది మస్తానే. సంతకం నాది. ఆ మాటే అతనికి చెప్పి, రోజూ ఆయిల్ ఎలా చూస్తావో చెప్పమన్నాను.

"పొద్దున్నే, ఇంజన్ సల్లగ ఉండంగానే సూస్తా సార్. కడ్డీ తీసి, తుడిసి, మళ్లా పెట్టి తీస్తా. నిండుగానే ఉంటాది. అల్లా మీదొట్టు. మీరు ఆయిల్ మార్చినప్పుడైతే గీతకు ఇంకా పైకే ఉండె. వర్షాలో ఎక్కువ పోసినారనుకుంటి."

వర్షా అంటే వర్క్‌షాపే. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. మేం సరిగ్గా పై గీత దాకా పోశాం. అప్పుడు గీత దాకా ఉన్నది అతనికి గీతకు పైన కనిపించింది. ఇప్పుడు కింది గీతకి అందనిది అతనికి నిండుగా కనిపిస్తోంది. మనిషి అబద్ధమాడితే రెండుసార్లూ ఒకే లెక్కన తప్పడు. ఆయిల్ పొయ్యకుండానే బండిని మెల్లగా ఇంటికి తీసుకెళ్లమని, నేను వచ్చేదాకా కదపొద్దని చెప్పాను.

శుక్రవారం ఉదయం వెళ్లాను. పాత వాడలో ఇరుకు సందు. సందు మొదట్లో నిలబడగానే నా అనుమానం తీరింది. కారు కుడి చక్రాలు రెండూ ఎత్తయిన పేవ్‌మెంటు మీదున్నాయి, ఎడమ చక్రాలు రోడ్డు మీద. ఆ సందులో బండ్లన్నీ అలాగే పెడతారు, లేకపోతే ఇంకో బండి పోలేదు. ఆ ఇంజన్‌కి డిప్‌స్టిక్ ఎడమ పక్కన ఉంటుంది. రాత్రంతా ఆయిల్ పల్లానికి, అంటే ఎడమకి చేరుతుంది. మస్తాన్ నియమం తప్పకుండా, రోజూ అక్కడే కొలిచాడు.

అబూ ఫహద్‌ని బయటికి రమ్మని కబురు పెట్టాను. ఫహద్, మస్తాన్ కూడా వచ్చారు. నేను డిప్‌స్టిక్ ముట్టుకోలేదు. మీరే తీయండి అన్నాను. అబూ ఫహద్ తీశాడు. పై గీతని ఆనుకుని ఉంది. నలుగురం కలిసి బండిని నెట్టుకుంటూ సందు చివరి సమమైన నేల మీదికి చేర్చాం. అక్కడ కాసేపు ఆగి, మళ్లీ తీయమన్నాను. ఈసారి కడ్డీ చివర మాత్రమే తడిసింది. ఆయన దాన్ని ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత, బండి పేవ్‌మెంటు ఎక్కించమని చెప్పింది తనేనని అన్నాడు. దారికి అడ్డమని పొరుగువాడు గొడవ పెట్టుకున్నాడట.

నాకు కోపం వచ్చింది. ఒక్క మాటతో ఒక మనిషిని ఇంటికి పంపేయబోయాడు కదా అని. అబూ ఫహద్ మాత్రం డిప్‌స్టిక్‌ని తను తొడుక్కున్న తెల్లటి పొడుగు తోబ్ అంచుతోనే తుడిచి, మస్తాన్ చేతికిచ్చాడు. కొడుకువైపు తిరిగి, బల్ల మీద ఉన్న పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టమన్నాడు. క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు. ఆ మరక ఉతికితే పోయేది కూడా కాదు.

తరిగిన ఆయిల్ ఎటు పోయిందన్నది తర్వాత తేలింది. వేడికి గట్టిపడిపోయిన వాల్వుల రబ్బరు సీళ్లలోంచి జారి, హాయిల్ ప్రయాణాల్లో కాలిపోతోంది. సీళ్లు మార్చాం. గంగారాం కట్టిన దొడ్డిని విప్పలేదు, దానివల్ల నష్టమేమీ లేదు. ఆ తర్వాత అలాంటి రేకులు అడిగిన ప్రతివాడికీ, ఆయిల్ నిండుగా ఉన్న ఇంటి బండికి అవి అక్కర్లేదని, తక్కువగా ఉంటే అవి జబ్బుని దాస్తాయని చెప్పి పంపాను. ఇంకొకటి కూడా ఆ శుక్రవారమే నేర్చుకున్నాను. ఎవరైనా కొలత తప్పు చెప్తున్నారని అనిపిస్తే, అతను కొలిచిన చోటికి వెళ్లి నిలబడేదాకా నేను ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టలేదు.