లోటు తెలియనివ్వని ఏసుపాదం మాష్టారు

ఏసుపాదం మాష్టారి నిర్యాణవార్త నందిగామ బస్టాండులో టీ తాగుతుండగా నా చెవిన పడింది. పెనుగంచిప్రోలు ఫుట్‌బాల్ జట్టును కన్నబిడ్డలా పెంచిన ఆ డ్రిల్లు మాష్టారు, మున్నేటి ఇసుకలో కూర్చుని ఆటగాళ్ల పరుగు చూస్తూ చూస్తూ కన్నుమూశారట. ఆ క్షణాన హైవే మీద లారీలన్నీ మూగబోయాయి. విజయవాడ బస్సు నేలకు జానెడెత్తున తేలుతూ వెళ్లిపోయింది. అతిశయోక్తులు రాస్తానని గిట్టనివాళ్లు అంటారు గానీ, నా చేతిలో టీ మాత్రం నిజంగానే చల్లారిపోయింది. ఆయన లేకుండా ఆ చిన్న జట్టు నిలుస్తుందా అన్నదే అప్పుడు అందరి నోటా ఉన్న ప్రశ్న.

పేరులోనే పాదమున్న క్రీడాకోవిదుడాయన. ఈల వేస్తే జగ్గయ్యపేట సున్నపురాతి గుట్టలు సైతం వెనుదిరిగి చూసేవి.

నేను నందిగామ జట్టుకు కార్యదర్శిని. మాది మహాజట్టు. మా జెర్సీలు ఆరేస్తే సగం ఊరికి నీడ. మేం ఆటగాళ్లను పెంచం, తెచ్చుకుంటాం. విజయవాడ నుంచి, ఏలూరు నుంచి, ఒకసారి బస్సు ఎక్కడంలో జరిగిన పొరపాటు వల్ల సూర్యాపేట నుంచి. ఇంతటి వైభవమూ ఏటా జగ్గయ్యపేట పోటీల్లో పెనుగంచిప్రోలు ముందు మట్టి కరిచేది. కసికొద్దీ వాళ్ల మేటి ఆటగాణ్ణి లాక్కొచ్చేవాళ్లం. మరుసటేడు ఆ స్థానంలో అంతకన్నా గట్టివాడు నవ్వుతూ నిలబడేవాడు.

మా అధ్యక్షులు వెంకట్రామయ్యగారు మిరపకాయల వ్యాపారి. ఒకసారి మాష్టారికి ఫోన్ చేశారు.

"ఏం చేస్తన్నారు మాష్టారూ?"

"నారు పోస్తన్నానండి."

ఆట మానేసి మిరపతోట వేస్తున్నారనుకుని అధ్యక్షులవారు ఊరంతా మిఠాయి పంచారు. ఆ ఏడూ ఓడిపోయాం. ఆడుతున్నవాడు వెళ్లిపోయేనాటికి వాడి వెనకాల ఎదిగొచ్చేవాడే మాష్టారి భాషలో నారని అప్పుడు బోధపడింది.

ఇక ఆయన్ని అనుకరించాల్సిందేనని తీర్మానించాం. ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మాష్టారు బంతిని మున్నేట్లోకి తన్ని, చెప్పకుండానే దిగేదెవరో చూసేవారు. మేమూ కీసర దగ్గర అదే మున్నేట్లోకి తన్నాం. దాన్ని తేవడం ఎవరి బాధ్యతో మా ఆటగాళ్లు చర్చించి తేల్చేలోపు బంతి కృష్ణలో కలిసింది. ఈపాటికి సముద్రంలో చేపలు రెండు జట్లుగా విడిపోయి ఆడుకుంటూ ఉంటాయి.

ఈ సంగతి చెబితే మాష్టారు నవ్వలేదు. పోటీ జట్లవాళ్లమైనా, తరచూ కలిసినట్టే ఆ తెల్లవారుజామునా ఇసుక మీద నా పక్కన కూర్చుని ఉన్నారు. ఏది పొగమంచో ఏది నీళ్లో తెలియని వేళ.

"మీకు మా ఏరు కావాలి, మా బంతి కావాలి. నారు ఎదిగేదాకా ఆగటం మాత్రం వద్దు. మాకు ఆగక గతిలేదండి. మీకు వేరే దారులున్నాయి, అందుకే మీకు కష్టం."

"అయితే పెద్ద జట్టు చిన్న జట్టుని చూసి నేర్చుకోకూడదంటారా?"

"నేర్చుకోండి. మీ గోల్‌కీపర్ రేపు రాకపోతే ఎవరు నిలబడతారో ఇయ్యాళే చెప్పండి. చెప్పగలిగితే నేర్చుకున్నట్టే."

ఎదురు గోల్ కొడదామని, "మరి మీరు రాకపోతేనో?" అన్నాను. ఆయన పొగమంచులోకి వేలు చూపించారు. అక్కడ ఒక ఆకారం ఆటగాళ్లను పరుగెత్తిస్తోంది. ఆయన శిష్యురాలు సలోమి, ఇప్పుడు బడిలో టీచరు.

"నే లేనని మీకు తెలిసిందంటే, నే చేసిన పని చెడినట్టేనండి" అన్నారు.

మొన్న సంతాపసభకు మా జట్టు తరఫున ఆకాశమంత ఫ్లెక్సీ కట్టించాం. మాష్టారి బొమ్మ, కింద "తీరని లోటు". సలోమి దాన్ని చాలాసేపు చూసి నా వైపు తిరిగింది.

"బాబాయ్, ఆ మాట తీయించండి. సార్‌ని తిట్టినట్టుంది."

"అదేందమ్మా, పోయినోళ్లందరికీ అదేగా రాసేది" అన్నారు వెంకట్రామయ్యగారు.

"లోటు మిగిలితే సార్ నారు పోయనట్టేగా అండీ."

అధ్యక్షులవారు ఆ అక్షరాల మీద మా జెర్సీ ఒకటి కప్పించారు. తర్వాత నా చెవిలో, "మన గోల్‌కీపర్ తర్వాత ఎవరయ్యా?" అని అడిగారు. మా జట్టు చరిత్రలో ఆ ప్రశ్న పుట్టడం అదే మొదలు. ఏసుపాదం మాష్టారికి నందిగామ అర్పించిన అసలైన నివాళి అదేనని నా నమ్మకం.

మర్నాడు పొద్దున్నే మున్నేటికి వెళ్లాను. మంచులో సలోమి ఈల వినిపించింది. బంతి నీళ్ల వైపు లేచింది. అది ఏటిని తాకకముందే ఎవరో మోకాలి లోతులో ఉన్నారు. జట్టు పరుగెడుతూనే ఉంది. ఎక్కడా ఖాళీ లేదు. మాష్టారు మాట నిలబెట్టుకున్నారు.

ఆయన కూర్చునే చోట ఇసుక చదునుగా ఉంది. కూర్చోబోయి, నా పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి నిలబడిపోయాను. జట్టులో లోటు లేదు మాష్టారూ, మీరే గెలిచారు. కానీ మీ స్నేహానికి నేను నారు పోసుకోలేదు.