బిళ్ల నిలవని మిషను

ఆ రోజుల్లో ఎవరినో ఒకరిని అనుమానించనిదే నాకు అన్నం అరిగేది కాదు. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై మూడేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకున్నదానికి లోకం మీద నమ్మకం ఎలా ఉంటుంది చెప్పండి. పక్కింటావిడ నవ్వుతూ పలకరిస్తే ఏం అడగడానికొచ్చిందో అనుకునేదాన్ని. నవ్వకుండా వెళ్ళిపోతే ఏం ఎత్తుకుపోయిందో అనుకునేదాన్ని. (ఎత్తుకుపోవడానికి మా ఇంట్లో ఏముందన్న సంగతి మాత్రం తోచేది కాదు.)

సెల్ ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న కాలం. కొబ్బరి పీచు మిల్లులో దుమ్ముకి దగ్గలేక, అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళే రోడ్డు మీద ఒక తలుపుల షాపులో పనికి కుదిరాను. రంగు వేసేముందు చెక్కని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చెయ్యడమే పని. అక్కడ నాకంటే ఇరవై ఏళ్ళ ముందు నుంచీ రుద్దుతున్నావిడ పొడుం అత్తగారు. ఎవరికీ అత్తగారు కాదు, ముక్కుపొడుం పీలుస్తుంది గనక ఊరందరికీ ఆవిడ అలాగే పిలుపు. ఒకరోజు షాపు పెట్టిన మేస్త్రిగారు కరెంటుతో రుద్దే మిషను కొనుక్కొచ్చేరు. దాని అడుగున గుండ్రటి మెత్త, ఆ మెత్త నిండా కంటికి ఆనని కొక్కేలు. గుండ్రంగా కత్తిరించిన గరుకు కాగితం బిళ్ల, దాని వెనక సన్నటి నూగు. అద్దితే చాలు, పిల్లల బూట్ల పట్టీలాగా చరక్కున అతుక్కుపోతుంది.

"కుర్రదానివి, ఇది నువ్వు పట్టమ్మాయ్" అన్నారు మేస్త్రిగారు.

"ఆయ్, పట్టనివ్వండి. రుద్దడం అది చూసుకుంటే మనం దానికి హారతి ఇచ్చుకుంటా కూర్చోవచ్చు" అంది అత్తగారు, పొడుం దట్టిస్తూ. ఆ మాట అన్న క్షణం నుంచీ నా కన్ను ఆవిడ మీదే.

రెండు రోజులు మిషను ముద్దొచ్చేట్టు నడిచింది. మూడోనాడు బుర్రుమనగానే బిళ్ల ఊడి, గాల్లో గిరగిరా తిరిగి వెళ్ళి మేస్త్రిగారి టీ గ్లాసులో పడింది. కొత్తది అద్దాను. అదీ ఎగిరింది. గట్టిగా నొక్కితే మరింత జోరుగా ఎగిరింది. నాలుగోనాటికి షాపంతా బిళ్లలే, అప్పడాలు ఎండబెట్టినట్టు.

మేస్త్రిగారికి అసలే చర్చి తలుపుల తొందర. "ఆదివారం పూట కొత్త తలుపుల్లోంచి జనం లోపలికెళ్ళాలి. శనివారానికి నున్నగా దిగకపోతే ఈ మిషను తిరిగిచ్చేస్తాను. చేత్తో రుద్దడానికి అత్తగారు చాలు, నువ్వు మళ్ళీ పీచు మిల్లుకే, ఏమనుకోకు" అనేశారు.

ఇంక నాకు నిద్రపడితే ఒట్టు. మిషను షాపులో ఉండిపోతే నష్టపోయేది ఎవరు? అత్తగారు. కాబట్టి చేసింది అత్తగారు. అన్నాల వేళ మిషను పెట్టె ముందు చెక్కపొడి పల్చగా పరిచి, చేత్తో సాపు చేసి వెళ్ళాను, ఎవరొచ్చినా అడుగులు పడతాయని. తిరిగొచ్చి చూస్తే పిల్లి పాదాలు నాలుగు, నావి పన్నెండు. (తింటూ తింటూ మూడుసార్లు లేచొచ్చి చూసుకున్నాను మరి.) కానీ పెట్టె మీద గోధుమ రంగు పొడి కనిపించింది. ముక్కుపొడుం! దొరికింది దొంగ! తలుపుల షాపులో ఆ రంగు చెక్కపొడి దొరకని చోటే ఉండదని ఆలోచించడానికి బుర్ర ఉండాలిగా.

అందరూ వినేట్టు అరిచాను. "మేస్త్రిగారండీ, ఈవిడే ఏదో చేస్తందండీ! నా పొట్ట కొట్టాలని చూస్తంది!"

షాపంతా ఆగిపోయింది. మేస్త్రిగారు తల గోక్కున్నారు. "అత్తగారూ, మీ మీద మాటొచ్చింది. నిజమైతే రేపట్నుంచి రాకండి మరి."

అత్తగారు లేచొచ్చి, మిషను వైరు పీకించి, తిరగేసి, మెత్త మీద బొటనవేలితో రాసింది. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ ముక్కుకి వాసన తెలియడం ఎప్పుడో మానేసిందనుకున్నాం అందరం.

"కొబ్బరి నూనె" అంది. "దీనికి తలంటింది ఎవరే?"

నేను గబగబా చేతులు కొంగుకి తుడుచుకున్నాను. మా వైపు సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. అందుకని సాయంత్రం పని దిగేముందు ఉలికి, రంపానికి, బాడిసకి కొబ్బరి నూనె రాసి పెట్టడం ఆనవాయితీ. నేను భక్తి కొద్దీ మిషనుకీ రాశాను. ఇనుముకి రాసి ఊరుకోలేదు, మెత్తకి దోసెడు పోసి మర్దనా చేశాను, రోజూ. ఆ నూనెలో చెక్కపొడి కలిసి హల్వాలా గడ్డకట్టి, కొక్కేలన్నీ మునిగిపోయాయి. ఇంక బిళ్ల దేన్ని పట్టుకుంటుంది?

"నేనేనండీ... తుప్పు పడుతుందని..." అన్నాను.

"నూనె పెట్టినదానివి జడ కూడా వెయ్యకపోయేవా!" అన్నాడు రంగులేసే ఆయన. షాపులో వాళ్ళందరి నవ్వు ఓడలరేవు దాకా వినపడి ఉంటుంది.

మెత్త ఊడదీసి, సబ్బు నీళ్ళు పోసి, పాత పళ్ళ బ్రష్షుతో కొక్కేల సందుల్లో మడ్డి లాగి, ఎండలో పెట్టాం. ఎండింతర్వాత అద్దితే బిళ్ల ఉడుంలా పట్టుకుంది. శనివారం మధ్యాహ్నానికి చర్చి తలుపులు అద్దాల్లా దిగాయి. తలుపులు ఎక్కించుకుని వ్యాను వెళ్ళాక అత్తగారి కాళ్ళ మీద పడ్డాను. "తప్పయిపోయిందండీ, మిమ్మల్ని అనకూడని మాట అన్నానండీ."

ఆవిడ నన్ను లేపలేదు. నిదానంగా పొడుం డబ్బీ మూత పెట్టుకుని, ఎవరూ వినడం లేదని చూసుకుని అంది: "ఏడవకే. ఆ బిళ్లలన్నీ కాలవలో పారేద్దామని నాకూ ఉందిలే. ఏ రోజు పారెయ్యాలా అని చూస్తన్నాను. ఇంతలో నువ్వే పాడుచేసుకున్నావు, నాకు పాపం తప్పింది."

నా ఏడుపు చటుక్కున ఆగిపోయింది. చూశారా, నేను ఊరికే అనుమానించలేదు అని ఎంత పొంగిపోయానో! ఆ పొగరుబోతు పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, మొట్టబుద్ధీ వేస్తుంది. ఇరవై ఏళ్ళు రుద్దిన మనిషి అంత మాట నోరు విడిచి చెప్పుకుంటే, గెలిచానని ఇంటికెళ్ళి పండుగ చేసుకుందే గానీ, ఆవిడ పక్కన ఓ ఘడియ కూర్చుందామని తోచలేదు దానికి.