పల్చబడ్డ కుట్టు

పూంగావనం కదిర్కామంలో ఒక బడి వంటశాలలో పనిచేసేది. తొలి కాన్పు ఆపరేషన్‌తో అయింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ప్రతి నెలా బహిష్టు ఆగినట్టే ఆగి, మళ్లీ నల్లటి మరకలు కనబడేవి. గర్భసంచికి వేసిన కుట్టు సరిగా అతకక అక్కడ గుంట పడిందని, గోడ పల్చబడిందని స్కానింగ్‌లో తేలింది.

మళ్లీ నెల తప్పింది. సంతోషపడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసేస్తాం. కొంచెం నొప్పి తెలిసినా వచ్చేయాల," అంది డాక్టర్ చరిత. అది తమిళం మాట్లాడే ఊరైనా, పూంగావనంలాగే ఆమె ఇంట్లోనూ తెలుగే.

పూంగావనం పని మానేసింది. బాహూరులోని పుట్టింటికి బస్సెక్కలేదు. దగ్గు వస్తే రెండు చేతులతో పొత్తికడుపు అదిమి పట్టుకునేది.

ఆపరేషన్‌కు చెప్పిన తేదీకి ఇంకా వారాలుండగానే, ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే కడుపులో చురుక్కుమంది. గోడకు ఆనుకుని కూలబడింది.

"ఏందే, యాడ నొప్పి?" భర్త చంద్రన్ పరుగెత్తుకొచ్చాడు.

"కుట్టుకాడ. ఆటో పిలవయ్యా. బిడ్డ కదల్లేదు."

ఆస్పత్రిలో ఆపరేషన్‌కని నడుముకు మత్తిచ్చారు. నొప్పి తెలియలేదు గానీ తెర అవతలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఇక్కడ గోడే లేదు. పొరలోంచి బిడ్డ జుట్టు కనబడతా ఉంది," అంది చరిత.

బిడ్డను తీశారు. ఏడుపు వినబడలేదు. ఒక నర్సు బిడ్డను ఎత్తుకుని గబగబా బయటికి వెళ్లిపోయింది.

"నా బిడ్డకేమైంది?"

రక్తం ఆగడం లేదు. కుట్టు బిగించిన ప్రతిసారీ దారం పల్చటి అంచును కోసుకుని ఊడి వస్తోంది. పూంగావనం కళ్లకు చీకట్లు కమ్మాయి.

"సంచి తీసిపారేయండి డాక్టరమ్మా! నన్ను బతికించండి. ఈ బిడ్డనన్నా నేను చూడాల!"

"కదలొద్దు పూంగావనం. ఇంకొక్కసారి చూస్తా. ఆగకపోతే తీసేస్తా."

చరిత పల్చటి అంచులు కత్తిరించేసింది. గట్టి కండ దొరికాక ఒక వరుస కుట్టి, దాన్ని కప్పుతూ ఇంకో వరుస కుట్టింది. గుడ్డతో అదిమి చాలాసేపు చూసింది. రక్తం ఆగింది.

మర్నాడు చంద్రన్ మంచం పక్కన నిలబడ్డాడు. "మొగబిడ్డ. అద్దాల పెట్టెలో ఉండాడు. మిషన్‌తో ఊపిరి పీలుస్తా ఉండాడు."

"ఇంక కాన్పు వద్దు," అని చరిత చెప్పినప్పుడు పూంగావనం వినిపించుకోనేలేదు. చక్రాల కుర్చీ కావాలని పట్టుబట్టింది. రోజూ ఆ పెట్టె ముందు కూర్చుంది. చివరకు మిషన్ తీసేశారు. తొలిసారి గొట్టంతో పాలు పట్టినప్పుడు వాడు సగం కక్కేశాడు. ఆమె వాడి మూతి తుడిచి, మళ్లీ పట్టమని నర్సును బతిమాలింది.