హార్మోనియానికి గాలి కొట్టినవాణ్ణి

నిన్న మనవరాలి గిటారు మాస్టారు విసుక్కున్నాడు: “మూడు నెలలైందండీ, ఈ పిల్లకి వేళ్లు తిరగవు.” నాకు ఒళ్లు మండింది.

మన చిన్నప్పుడు నాటకాలకు హార్మోనియం నేర్పే మాస్టార్లు గుర్తున్నారా? మా ఊళ్లో, మిరపకాయలు ఎండేసిన కల్లం పక్క పాకలో, మా మాస్టారు రెండు చేతులా వాయించుకునేవారు. శిష్యుణ్ణని పేరుకే గానీ, వెనక కూర్చుని తిత్తితో గాలి కొట్టడమే నా చదువు. ఏడాదికి ధైర్యం చేసి హార్మోనియం మెట్ల మీద వేలు పెట్టాను.

“ఏరా, మిరపకాయలు కోసే చేతులకి సంగీతమా?” అని వేళ్ల మీద బెత్తంతో ఒక్కటేశారు. మళ్లీ ముట్టలేదు. ఒక్క స్వరమైనా చూపకుండా, రాదని ఎలా తేల్చారు?

నిన్న మాత్రం ఊరుకోలేదు. “వేలు పట్టుకుని చూపించండి బాబూ, తర్వాత తిట్టండి,” అన్నాను.

చూపించాడు. తీగ పలికింది. పిల్ల నవ్వింది.

అంతేగా! ఆ పాటి పని మా మాస్టారు ఎందుకు చేయలేదర్రా?